చిల్లులు పూడ్చినవాడు

ఆమె బూట్లు రెండూ తలకిందులు చేసి బల్ల మీద కుమ్మరించింది. ఉప్పునీళ్లు కత్తెర మీదుగా, జిగురు డబ్బా చుట్టూ పారి అతని ఒళ్లో పడ్డాయి.

"ఇవి బాగుచేసింది మీరేనా?"

"నేనేనండీ. అడుగున చిల్లులుంటే పూడ్చాను. ఇక చుక్క కారదు."

"అదే నా ఏడుపు. చుక్క కారట్లేదు."

రేవు పక్కనున్న ఆ దుకాణంలో అతను కొత్తగా చేరాడు. అంతకుముందు రెయిన్‌కోట్లు, టెంట్లు అతికించేవాడు. నీళ్లు లోపలికి రాకుండా చూడటమే తన పని అనుకునేవాడు. వేళ్లు ఎప్పుడూ అంటుకుపోయి ఉంటాయని రేవులో అందరూ అతన్ని 'జిగురు' అనే పిలిచేవారు.

"డైవింగ్ బూట్లలోకి నీళ్లు ఎలాగూ వస్తాయి," అందామె. "నీళ్లలో ఉన్నంతసేపు బరువు తెలియదు. పైకెక్కేటప్పుడే గొడవ. అవి బయటికి పోవడానికే ఆ చిల్లులు. నేనే సూది కాల్చి పెట్టుకున్నాను."

అతను నీళ్లు నమిలాడు.

"మీరు నమలకండి. పొద్దున నేను చాలానే మింగాను."

నవ్వబోయి ఆమె మోకాలి కట్టు చూసి ఆగిపోయాడు. పడవ నిచ్చెన ఎక్కుతుంటే కాళ్లకు బకెట్లు కట్టినట్టయిందట. జారి, మోకాలు మెట్టుకు కొట్టుకుని మళ్లీ నీళ్లలో పడిందట. ఆ పడవ నడిపేది ఆమె తండ్రి. కూతురు పడటం కళ్లారా చూసి, "ఇక నీళ్లలో దిగింది చాలు" అన్నాడట.

"నాకు చేతనైన పని ఇదొక్కటే," అంది. తడి బూట్లను అతని వైపు తోసింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. "చిల్లులు మళ్లీ తెరుస్తాను. తప్పు నాదేనని మీ నాన్నగారికి నేనే చెప్తాను."

"మా నాన్నకా? ఆయన చూస్తే అలలే పక్కకి తప్పుకుంటాయి. నిజంగా వస్తారా?"

"వస్తానండీ," అన్నాడు, ఆ కళ్లలోకి చూస్తూ కాదనడం చేతకాక.

మర్నాడు పొద్దున రేవులో ఆమె తండ్రి అతను చెప్పిందంతా విన్నాడు. చిల్లులు తెరిచిన బూట్లు పట్టుకుని ఆమె పక్కనే నిలబడింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఒడ్డున నిలబడి ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు. పడవెక్కు. మా అమ్మాయి నీ కళ్ల ముందే నీళ్లలో దిగి, ఎక్కి చూపించాలి. కాలు జారిందా, ఇద్దరూ ఇంకెప్పుడూ ఈ ఊసెత్తకూడదు."

రేవు దాటి రాళ్లగుట్ట దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ మూలిగి ఆగిపోయింది. తెగి కొట్టుకొస్తున్న వల ఒకటి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. గాలి పడవను రాళ్ల వైపు నెడుతోంది. తండ్రి లంగరు వేశాడు. అది నేల పట్టలేదు, జారుతూనే ఉంది.

వల కోయాలంటే కిందికి దిగాలి. చెవులు పాడై ఆయన దిగడం మానేసి చాలాకాలమైంది. కూతురి వైపు చూశాడు. ఆమె అప్పటికే వెట్‌సూట్ జిప్పు లాగుతోంది.

ఆయన ఇంజిన్ నుంచి తాళంచెవి ఊడదీసి జిగురు అరచేతిలో పెట్టాడు. "ఇది నీ గుప్పిట్లోంచి కదలకూడదు. ఇంజిన్ తిరిగిందంటే దాని చేతులుండవు."

జిగురు గుప్పిట బిగించాడు. ఆమె సూటు అంచు బూట్లలోకి దోపుతుంటే అడక్కుండా ఉండలేకపోయాడు. "రెయిన్‌కోటు ప్యాంటు అలా దోపితే వాన నీళ్లన్నీ బూట్లోకే పోతాయి. దీనికి అలా కాదా?"

ఆమె చేతులు ఆగాయి. "లోపల పెట్టుకోవడం నాకు అలవాటు," అని ఒక్క క్షణం ఆలోచించి, అంచు బయటికి లాగి బూట్ల మీదుగా దించింది. "జిగురుగారికి బుర్ర కూడా ఉందే," అని, కత్తి తీసుకుని నీళ్లలోకి జారింది.

తర్వాత బుడగలు తప్ప ఏమీ లేవు. వల ముక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి. రాళ్లకు అల కొట్టుకునే చప్పుడు దగ్గరవుతోంది. తండ్రి పడవ ముందు భాగంలో లంగరు తాడు పట్టుకుని, వెనక్కి చూసే ధైర్యం లేనట్టు నిలబడ్డాడు.

ఆమె తల పైకి వచ్చింది. బూట్లకు తొడిగిన ఈత రెక్కలు విప్పి పడవలోకి విసిరి నిచ్చెన పట్టుకుంది. పడవ వెనక భాగం లేచి దబ్బున పడుతోంది. ఆమె కాలు నీళ్లలోంచి పైకి తీయగానే బూటు అడుగు నుంచి నీళ్లు ధారలుగా కారాయి. రెండో కాలూ తేలిగ్గానే లేచింది. సరిగ్గా అప్పుడే పెద్ద అల వచ్చింది. దెబ్బ తిన్న మోకాలు నిలవలేదు.

గుప్పిట్లో తాళంతోనే జిగురు పడవ అంచున ఉన్న కమ్మీకి కాళ్లు మెలేసి, నడుము దాకా బయటికి వంగి, రెండో చేత్తో ఆమె మణికట్టు అందుకున్నాడు.

"నిన్ను వదలను. అడుగు వెయ్యి."

ఆమె వేసింది. ఇద్దరూ కలిసి పడవలో పడ్డారు.

"తాళం," అని అరిచాడు తండ్రి.

గుప్పిట తెరుచుకోలేదు. వేళ్లు కొయ్యబారిపోయాయి. ఆమె తన చల్లటి చేతుల్తో ఒక్కో వేలూ విప్పి తాళం తీసుకుని తండ్రికి విసిరింది. ఇంజిన్ దగ్గి, అందుకుంది. రాళ్ల మీది నాచు కనిపించేంత దగ్గర నుంచి పడవ పక్కకు తిరిగింది.

రేవు కనిపించాక ఆమె మెల్లగా అంది: "నిచ్చెన దగ్గర 'నువ్వు' అన్నారు."

"కంగారులో వచ్చేసిందండీ."

"కంగారు తగ్గాక మళ్లీ 'అండీ' ఎందుకు వచ్చింది?"

అతను తన అరచేతిలో దిగిన తాళం గుర్తు చూసుకున్నాడు. "నువ్వు కింద ఉన్నంతసేపూ నాకు ఊపిరాడలేదు. నిన్నటిదాకా మనం ఒకరికొకరం తెలీదు. ఇలా ఎందుకైందో నాకు తెలీదు."

ఆమె అతని పక్కన ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.

"అబ్బాయ్," అన్నాడు తండ్రి, స్టీరింగ్ దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే. "ఈత వచ్చా?"

"రాదండీ."

ఈసారి ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "ఈత రాకుండానే అంతలా బయటికి వంగావా?"

"అప్పుడు గుర్తు రాలేదండీ."

"అమ్మాయ్, రేపు నీళ్లలోకి దిగేటప్పుడు వీణ్ణి కూడా తీసుకెళ్లి ఈత నేర్పు. మిగతా మాటలు వాళ్ల పెద్దవాళ్లతో నేను మాట్లాడతాను."