ముప్పై ఒకటో స్క్రీన్

"బ్లూ డిస్టెంపర్ ఉందా, భయ్యా?"

"స్టాక్ షిప్పులో వస్తోంది."

కోడ్ సరిపోయింది. గోల్ ఘర్ బజారులోని పెయింట్ షాపు వెనకగదిలో చీఫ్ గురునాథం ఏజెంట్ గోపినాథ్ ముందు ఒక ఫోటో పెట్టాడు.

"స్వాతి. డాలీగంజ్ స్కూల్లో స్క్రీన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ట్రైనర్‌గా చేరింది. మన ఏజెంటే. విదేశీ ముఠాకీ పనిచేస్తోందని డౌట్. అక్కడ చదివేది చాలావరకు హార్బర్ ఆఫీసర్ల పిల్లలు. నువ్వు కంప్యూటర్ టీచరువి."

"రామ్‌ప్రసాద్?"

"పీటీ మాస్టర్ వేషం. ఆమెతో స్నేహం చేస్తాడు. నువ్వు స్క్రీన్లు చూడు, బస్, అంతే."

గోపినాథ్‌కి ఒళ్ళు మండింది. ఏ మిషన్‌లోనైనా అందగత్తె రామ్‌ప్రసాద్ వాటాకి, వైర్లూ ప్లగ్గులూ తన వాటాకి.

సోమవారం మూడో పీరియడ్, తొమ్మిదో క్లాసు. కన్సోల్ మీద ముప్పై మంది పిల్లల స్క్రీన్లు అగ్గిపెట్టెలంత బొమ్మలుగా వెలిగాయి. ఒకడు ప్రాజెక్ట్ వదిలేసి క్రికెట్ స్కోరు చూస్తున్నాడు. గోపినాథ్ ఒక్క మెసేజ్ పంపగానే ఉలిక్కిపడి దారికొచ్చాడు. వెనక బెంచీలో కూర్చున్న స్వాతి డెమో కోసం తన లాప్‌టాప్ కూడా క్లాసు స్క్రీన్లతో కలిపింది. అది ముప్పై ఒకటో బొమ్మ.

అందులో చాట్ విండో తెరుచుకుంది. రామ్‌ప్రసాద్ పేరు కనబడగానే గోపినాథ్ వేలు ఆగలేదు. ఆ బొమ్మని పెద్దది చేశాడు. మిగతా ముప్పై దాని వెనక్కి పోయాయి.

"సాయంత్రం బీచ్‌కి వస్తారా?" అని రామ్‌ప్రసాద్.

"తప్పకుండా. మీ టీషర్ట్ భలే ఉంది," అని స్వాతి.

గోపినాథ్ పళ్ళు నూరాడు. తనూ ఆవేళ కొత్త చొక్కాయే వేసుకున్నాడు. ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. కబుర్లు సాగుతున్నాయి, అతను కుళ్ళుకుంటూ ప్రతి అక్షరమూ చదువుతున్నాడు.

పావుగంట కావస్తుండగా చాట్ పైనున్న పసుపు పట్టీ మీద చూపు పడింది: "టీచర్ మీ స్క్రీన్ చూస్తున్నారు."

స్కూలు రూలది. ఎవరి స్క్రీన్ పెద్దది చేసినా వాళ్ళకి తెలియాలి. అంటే స్వాతికి మొదటినుంచీ తెలుసు. అతని కళ్ళు అక్కడే కట్టేయడానికే కబుర్లు సాగదీస్తోంది.

ఆ బొమ్మని మళ్ళీ చిన్నది చేశాడు. పదిహేడో బొమ్మలో నీలం గీత పరుగెడుతోంది. ఫైల్ కాపీ, తొంభై శాతం.

"భానూ, ఆ లాప్‌టాప్ ఎవరిది?"

"డాడీది సార్. నాది ఖరాబ్ అయిపోయింది. ఈరోజు ప్రాజెక్ట్ ఇవ్వాలి కదా, తీస్కెళ్ళమన్నారు. పొద్దున స్వాతి మేడమే సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది."

భాను తండ్రి హార్బర్ సెక్యూరిటీ ఆఫీసర్. ఫైల్ పేరు పెట్రోలింగ్ షెడ్యూల్. అది బయటికి పోతే తీరంలో కాపలా లేని గంటలన్నీ ముఠా చేతిలో ఉంటాయి. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

గోపినాథ్ 'షట్‌డౌన్ ఆల్' కొట్టాడు. ముప్పై ఒక్క స్క్రీన్లూ నల్లబడ్డాయి. సేవ్ చెయ్యని ప్రాజెక్టుల కోసం పిల్లలు గొల్లుమన్నారు. స్వాతి తలుపు దాకా నడిచింది. బయట, గోపినాథ్ ఫోన్ మెసేజ్ అందుకుని వచ్చిన రామ్‌ప్రసాద్ బేడీలతో నిలబడి ఉన్నాడు.

"ఇంకో రెండు సెకన్లు కుళ్ళుకుని ఉండాల్సింది, సార్," అంది స్వాతి, వెనక్కి తిరిగి.

సాయంత్రం గురునాథం సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ చదివాడు. "స్వాతి స్క్రీన్, పద్నాలుగు నిమిషాలు. పిల్లలందరివీ కలిపి ఒక్క నిమిషం. ఏమిటయ్యా ఇది?"

"నిఘా, సార్."

"సర్లే. మెడల్‌కి నీ పేరే రాస్తున్నా. రేపు పిల్లలచేత ప్రాజెక్టులు మళ్ళీ చేయించు. విచారణకి స్వాతిని రామ్‌ప్రసాద్ ఢిల్లీ తీసుకెళ్తున్నాడు. ఫ్లైట్‌లో పక్కపక్క సీట్లు."

మెడల్‌కి పేరెక్కిన ఆ పూట గోపినాథ్‌కి అన్నం సహించలేదు.