బొమ్మొచ్చిందేటి?

డుంబ్రిగుడ అవతల ఆ కొండ ఊళ్లో ఆదివారం పొద్దున్న. పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతోంది. రమణి గరిటె తిప్పుతోంది. ఆమె భర్త ఫల్గుణ టీవీ ముందు కూర్చుని రిమోటు నొక్కి నొక్కి విసిగిపోయాడు. రాత్రి గాలికి డిష్ పక్కకి తిరిగినట్టుంది, తెర మీద ఏమీ లేదు.

"బొమ్మొచ్చిందేటి?" గడప దగ్గర నుంచి అడిగాడు ఫల్గుణ తండ్రి సుక్రు.

మతిమరుపు పట్టుకున్నప్పటి నుంచి ముసలాయనకి రోజూ ఇదే ప్రశ్న. ఎవరో ఒకరు "ఊఁ" అనేసేవారు, ఊరుకునేవాడు. ఆ రోజు ఫల్గుణ చిరాకు మీదున్నాడు.

"రాలేదయ్యా. ఊరికే పేణం తియ్యకు" అన్నాడు.

రమణి అంబలి గిన్నెతో వచ్చేసరికి గడప ఖాళీ. చెప్పులు అక్కడే ఉన్నాయి. బయట పందిరి గుంజ కూడా కనిపించనంత మంచు. దడికి ఆనించిన పొడుగు వెదురు లేదు.

"మావ ఏడి?"

"పెరట్లో ఉంటాడులే."

"లేడు. నువ్వు ఏటన్నావు మావతో?"

"రాలేదన్నాను. రాలేదు కదా మరి."

రమణి అంబలి గిన్నె కింద పెట్టేసింది. "అయితే యాంటినా తిప్పడానికి ఎల్లిపోనాడు."

ఊరికంతటికీ ఒకే టీవీ ఉన్న రోజుల మాట అది. ఆదివారం పురాణం సీరియల్ వస్తే జనం తలస్నానాలు చేసి, టీవీకి అగరొత్తులు వెలిగించి మరీ కూర్చునేవారట. బాణాలు ఆకాశంలో ఢీకొనడం గురించి ఫల్గుణ చెప్పి చెప్పి రమణి చెవులు చిల్లులు పడేవి. తెర మీద చుక్కలు పడితే తమ ఇంటి వెనక రాతిబండ ఎక్కి, వెదురుకి కట్టిన యాంటినా తిప్పేది సుక్రు. కింద నుంచి భార్య రాజులమ్మ కేకేసేది. "వచ్చీసింది, కదపకు" అంటే ఎంత గాలి కొట్టినా అలాగే పట్టుకుని నిలబడేవాడు. "అయిపోనాది" అంటేనే దిగేవాడు. ఆ కేకేసే మనిషి ఇప్పుడు లేదు.

బండ అవతల లోయ. కిందటేడు అందులో పడ్డ మేక కోసం కూడా ఎవరూ దిగలేదు.

ఇద్దరూ పరుగెత్తారు. బండ కింద నిలబడితే పైన వెదురు రాతికి గీసుకుంటున్న చప్పుడు. అది అవతలి అంచు వైపు జరుగుతోంది.

"అయ్యా, ఆగు" అని అరిచాడు ఫల్గుణ. చప్పుడు ఆగలేదు. కొడుకు గొంతు ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

రమణి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, అత్తలాగా సాగదీసి కేకేసింది. "బొమ్మొచ్చీసింది, కదపకూ."

చప్పుడు ఆగింది.

"సుక్కలున్నాయేటి?" పై నుంచి వచ్చింది మాట.

"లేవు. బాగా కనిపిత్తంది. అలాగే పట్టుకో." అంటూనే ఫల్గుణకి ఎక్కమని సైగ చేసింది.

ఫల్గుణ పాకుతూ ఎక్కాడు. తండ్రి అంచు మీదే ఉన్నాడు, ఉత్త వెదురుని రెండు చేతులతో బిగించి పట్టుకుని. ఫల్గుణ వెనక నుంచి ఆయన నడుం చుట్టేసి బండ మీద కూలబడ్డాడు.

"అయిపోనాదేటి?" అడిగాడు ముసలాయన.

"అయిపోనాదయ్యా."

"ఈయేళ కత ఏటి జరిగింది?"

 అప్పటి ప్రతి ఆదివారమూ ఫల్గుణకి కళ్లకు కట్టినట్టు గుర్తుంది. చాప మీద తన పక్కన అమ్మ ఉండేది, ఊరంతా ఉండేది. అయ్య మాత్రం ఏ ఆదివారమూ లేడు. ఆ సీరియల్ ఆయన ఒక్కనాడూ చూడలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి తనకు తట్టనే లేదు. తండ్రి భుజం మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి తీసుకొచ్చి తండ్రిని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాడు. రమణి దుప్పటి కప్పి అంబలి చేతికిచ్చింది. డిష్ సరిచేయడానికి ఫల్గుణ గుమ్మం దాటబోతుంటే ముసలాయన గాబరాగా లేచాడు.

"నువ్వు కూకో అయ్యా" అన్నాడు ఫల్గుణ. "ఈయేళ నేను పట్టుకుంతాను. బొమ్మొస్తే నువ్వు కేకెయ్యి."