షెడ్డు కింది ఎరువు

లామూ రెండు వేళ్లతో ముక్కు మూసుకుని నిలబడింది. ఎదురుగా కోళ్ల పెంట కుప్ప. పక్కన ఒంటి చక్రం తోపుడు బండి. నడుముకు లుంగీ బిగించి, పార పట్టుకుని అవ్వ.

"చెయ్యి తియ్యవే. ఆ రైతు చూస్తే ఏమనుకుంటాడు?" అంది అవ్వ, బర్మా కొండల్లో మాట్లాడే తమ కరెన్ భాషలో.

శనివారం మధ్యాహ్నం. అమ్మా నాన్నా ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లారు. ఆస్ట్రేలియా వచ్చి ఆరేళ్లయినా అవ్వ ఇంగ్లీషు "హలో", "థాంక్యూ" దాటలేదు. దుకాణానికి వెళ్లినా, డాక్టరు దగ్గరికి వెళ్లినా పక్కన లామూ ఉండాల్సిందే. ఇవాళ ఎరువు కోసం ఊరి చివర ఉన్న గోర్డన్ పొలానికి కూడా.

ఇంట్లో కిటికీ దగ్గర, పెరుగు కప్పుల్లో ఇరవై గోంగూర మొక్కలు ఎదురుచూస్తున్నాయి. ఆ గింజలు తమ్లా అవ్వ ఇచ్చినవి. థాయిలాండ్ సరిహద్దులోని శరణార్థుల శిబిరంలో వాళ్లిద్దరివీ పక్కపక్క గుడిసెలు. అక్కడ విడిపోయి, ఎన్నో ఏళ్లకు ఈ ఊళ్లో మళ్లీ కలిశారు. పోయిన ఏడాది తమ్లా అవ్వ కొడుకుతో పాటు ఉత్తరాన ఎక్కడికో వెళ్లిపోయింది. రెండు రోజుల ప్రయాణం. కారెక్కే ముందు గింజల మూట అవ్వ చేతిలో పెట్టింది.

"మొదటిసారి వండిన రోజు నాకు ఫోన్ చెయ్యి" అంది. మళ్లీ ఎప్పుడొస్తావని అవ్వ అడగలేదు. కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

"మొక్కలకు దీన్ని ఇవాళే వెయ్యొచ్చా? అడుగు" అంది అవ్వ. కొండల మీద బూడిదతో, గేదె పేడతో పండించిన మనిషి. ఇంత కోళ్ల పెంట ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు.

లామూ అడిగింది. గోర్డన్ కంచెకు ఆనుకుని నింపాదిగా మొదలుపెట్టాడు.

"వద్దమ్మాయ్. ఇది నిన్ననే ఎత్తిపోశాను. పచ్చిది, మహా వేడి. ఇప్పుడే వేస్తే మొక్కలు మాడిపోతాయి. మూడు నెలలు మాగాలని మీ అవ్వకు చెప్పు. ఇవాళే కావాలంటే ఆ గొర్రెల షెడ్డు కింద పాత ఎరువుంది. ఎన్నో ఏళ్లది. కాకపోతే పాకుతూ వెళ్లాలి."

లామూ అటు చూసింది. పొట్టి కాళ్ల మీద నిలబడిన చెక్క షెడ్డు. ఉన్ని కత్తిరించే రోజుల్లో గొర్రెల పెంటికలు పలకల సందుల్లోంచి కిందికి రాలతాయి. అప్పుడే షెడ్డు వెనకనుంచి సైకిలు మీద ఒక అమ్మాయి వచ్చింది. జార్జీ! తన క్లాసే. గోర్డన్ మనవరాలు.

ఈ సంగతి చెబితే అవ్వ లుంగీ ఎగ్గట్టి షెడ్డు కిందికి దూరడం ఖాయం. సోమవారానికి క్లాసంతా తెలిసిపోతుంది.

"ఏమంటున్నాడు?" అంది అవ్వ.

"వేసుకోవచ్చట."

"అంతసేపు మాట్లాడాడు. ఇంతేనా?"

"ఇంతే అవ్వా. పద, పద, ఎత్తుదాం."

ఆ ఎరువు వేసి పెరట్లో నాటిన నాలుగో రోజుకు గోంగూర ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. వారానికి ఇరవై మొక్కలూ వాలిపోయాయి. అవ్వ ఒక్కొక్కదాన్నీ వేలితో లేపి చూసింది.

"నీళ్లు ఎక్కువ పోశానేమో" అంది ఒకసారి. "నా చెయ్యి పాడైపోయింది" అంది ఇంకోసారి. తరవాత పార కడిగి, తుడిచి, బీరువా వెనక పెట్టేసింది.

లామూ చెబుదామని రెండుసార్లు అవ్వ దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం తమ్లా అవ్వ ఫోన్ చేసింది. "ఏమే, నా గోంగూర ఎంత ఎత్తుకొచ్చింది? అంతా నువ్వే తినేస్తున్నావా?" అన్న గొంతు లామూకు కూడా వినిపించింది.

అవ్వ కిటికీలోని ఖాళీ కప్పుల వైపు చూసింది. "బాగా పెరిగింది. మోకాళ్ల దాకా ఉంది" అంది.

అవ్వ అబద్ధమాడగా లామూ ఎప్పుడూ వినలేదు.

ఫోన్ పెట్టేశాక లామూ వెళ్లి అవ్వ ముందు కూర్చుంది. "అవ్వా, ఆ రోజు గోర్డన్ ఇంకా చాలా చెప్పాడు." ఒక్క మాట వదలకుండా చెప్పింది. మాడిపోతాయని చెప్పడం, మూడు నెలలు, షెడ్డు కింద పాకడం, అన్నీ.

అవ్వ లామూ గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"జార్జీ వచ్చింది. నువ్వు పాకితే నవ్వుతుందని..."

"ఈ ఊళ్లో నాకు నోరంటే నువ్వే కదే, లామూ." అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది లామూకు.

కాసేపటికి అవ్వ లేచి మూట విప్పింది. గింజలన్నీ ఒకేసారి విత్తే అలవాటు లేదామెకు. పదకొండు మిగిలాయి. వాటిని కప్పుల్లో పెట్టింది.

"ఎండలు ఇంకా ఉన్నాయి" అంది. "ముందు తమ్లాకు ఫోన్ కలుపు. నేనూ నిజం చెప్పాలిగా."

పదకొండులో తొమ్మిది మొలిచాయి. అవి జానెడు ఎదిగాక, ఒక శనివారం ఇద్దరూ బండి తోసుకుంటూ మళ్లీ వెళ్లారు. కంచె దగ్గర గోర్డన్, పక్కనే జార్జీ. లామూ బండి వదిలి ముందుకొచ్చింది.

"మీరు చెప్పింది ఆ రోజు నేను అవ్వకు చెప్పలేదు. మొక్కలు చచ్చిపోయాయి" అంది.

గోర్డన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "బకెట్టు తెచ్చారా?" అన్నాడు.

అవ్వ అప్పుడే లుంగీ ఎగ్గడుతోంది. "నువ్వుండవ్వా" అంటూ లామూ బోర్లా పడుకుని షెడ్డు కిందికి పాకింది. పలకల సందుల్లోంచి వెలుగు గీతలు గీతలుగా పడుతోంది. ఎండిన పెంటికలు చేతిలో పొడిలా రాలాయి. వాసనే లేదు.

అంచు దగ్గర జార్జీ ముఖం తలకిందులుగా కనిపించింది. "అక్కడ సాలీళ్లుంటాయి. చేతికి ఇవి తొడుక్కో" అని తోలు తొడుగులు విసిరింది. "సెలవులొస్తే తాత నన్నే దీని కిందికి దూరమంటాడు. ఈసారి నువ్వు దొరికావు."

రెండో బకెట్టు నిండేసరికి బయటినుంచి అవ్వ కేక. "లామూ! ఈయన ఏదో చెబుతున్నాడు, రా!"

లామూ బయటికొచ్చి రెండు తుమ్ములు తుమ్మి, జుట్టులో దుమ్ముతోనే నిలబడి విన్నది. అవ్వ వైపు తిరిగింది.

"రెండు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు కలపాలట. నీళ్లు పొద్దున్నే పోయాలట. మొక్కలేంటని అడిగాడు, పుల్లటి ఆకుకూర అని చెప్పాను. వాళ్లావిడకు పులుపంటే ప్రాణమట. ఆమె పోయి రెండేళ్లయిందట. ఆకులొచ్చాక ఒక కట్ట తనకూ ఇస్తావా అంటున్నాడు."

అవ్వ గోర్డన్ ముఖంలోకి చూసింది. మెల్లగా తల ఊపింది. "ఇంతేనా?" అంది లామూతో.

"ఇంకా ఉందవ్వా" అంది లామూ.

అవ్వ పారను కంచెకు ఆనించి, వినడానికి గడ్డి మీద కూర్చుంది.