చంటి చెప్పని మాట

ఆదివారం మధ్యాహ్నం. చర్చిలో పిల్లల క్లాసు సగంలో ఉంది. టీచర్ పాట ఆపి గువ్వ వైపు తిరిగారు.

"ఈ రోజు ప్రార్థన గువ్వ చేస్తుంది. ఆసుపత్రిలో ఉన్న తమ్ముడి కోసం. రామ్మా, ముందుకు రా."

గువ్వ అనేది ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. పదేళ్లు. ముందుకొచ్చి నిలబడింది. అందరూ కళ్లు మూసుకున్నారు. గువ్వ నోరు తెరిచింది. "ప్రభువా, మా తమ్ముడు చంటి..." అని మధ్యలోనే ఆపేసింది.

"పాపం, తమ్ముడంటే ప్రాణం" అని వెనక ఎవరో గుసగుసలాడారు.

ఆ మాట విని ఇక నిలబడలేకపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తి, చర్చి వెనక మెట్ల మీద కూలబడింది.

మూడు రోజుల కిందట, గురువారం నాడు, అమ్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తూ, "పాలు చూస్తూ ఉండు. పొంగగానే స్టవ్ ఆపెయ్" అని చెప్పింది. గువ్వ తల ఎత్తకుండానే "ఊఁ" అంది. చేతిలో బొమ్మల కథ మాంచి పట్టు మీద ఉంది మరి.

"అక్కా, పాలు పొంగుతున్నాయ్" అన్నాడు ఐదేళ్ల చంటి.

"ఆగరా బాబూ, ఒక్క పేజీ!"

వాడు ఆగలేదు. స్టవ్ ఆపుదామని స్టూలు లాక్కుని ఎక్కాడు. గిన్నె ఒరిగింది. మరిగే పాలు వాడి కుడిచేతి మీద పడ్డాయి.

కేక విని అమ్మ పరుగెత్తుకొచ్చింది. "వీడు స్టవ్ దగ్గరికి ఎలా వెళ్లాడే?"

"వద్దన్నా వినలేదమ్మా. నేను ఆపేలోపే ఎక్కేశాడు."

ఆ అబద్ధం నోట్లోంచి ఎలా ఊడిపడిందో గువ్వకే తెలీదు. అమ్మ వాడి చేతి మీద నీళ్లు పోస్తూనే, ఏడుస్తూనే, "ఎన్నిసార్లు చెప్పాన్రా, స్టవ్ జోలికి పోవద్దని!" అని చంటినే తిట్టింది.

రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా చాచగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి గువ్వ ఇంట్లో గిన్నెలన్నీ తోమింది. తన బొమ్మలన్నీ చంటికి ఇచ్చేసింది. మోకాళ్లు నొప్పెట్టేదాకా ప్రార్థన చేసింది. లోపలి బరువు మాత్రం చిటికెడు కూడా తగ్గలేదు.

చర్చి మెట్ల మీదికి టీచర్ వచ్చి గువ్వ పక్కన కూర్చున్నారు.

"దేవుడు ఇంక నన్ను తన దగ్గరికి పిలవడు కదా, టీచర్?"

"ఎందుకు పిలవడు?"

"నేను మంచిదాన్ని కాదు. ఎంత చేసినా అవట్లేదు."

ఏం చేశావని టీచర్ అడగలేదు. "మంచివాళ్లనే పిలవాలంటే ఆయనకి ఒక్కరూ దొరకరమ్మా. నన్నైతే అసలు పిలిచేవాడే కాదు" అన్నారు.

గువ్వకి నమ్మకం కలగలేదు. మీకు నా సంగతి తెలీదు కాబట్టి అలా అంటున్నారు, అనుకుంది.

సాయంత్రం నాన్న గువ్వని ఆసుపత్రికి తీసుకెళ్లి, తను డాక్టరుతో మాట్లాడటానికి వెళ్లాడు. అమ్మ మందుల కోసం కిందికి వెళ్లింది. చంటి గువ్వని దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, నేను చెప్పలేదు."

"ఏంటి?"

"నువ్వు పుస్తకం చదువుతున్నావని. చెప్తే అమ్మ నిన్ను కూడా తిడుతుందిగా. నన్ను ఎలాగూ తిట్టేసింది."

ఆ మాట అనేసి, అక్క కూర్చోవడానికి మంచం మీద చోటిస్తూ పక్కకి జరిగాడు. జరిగేటప్పుడు చెయ్యి కదిలి, బాధతో పళ్లు బిగపట్టాడు.

గువ్వ కూర్చోలేకపోయింది. అమ్మ గుమ్మంలోకి రాగానే, "అమ్మా, తప్పు వాడిది కాదు. వాడు పిలిచాడు, నేనే లేవలేదు. నీకు అబద్ధం చెప్పాను" అంది.

అమ్మ మందుల కవరు మంచం మీద పెట్టేసింది. తర్వాత మెల్లిగా చంటి తల నిమిరింది. "నిన్ను తిట్టానే, నాన్నా..." అంటూ భోరుమంది. గువ్వ వైపు చూడనేలేదు. గువ్వ అడుగులో అడుగేసుకుంటూ గోడ దాకా వెళ్లిపోయింది. ఇంతే, ఇంక అమ్మ కూడా పిలవదు.

నర్సు ట్రేతో లోపలికొచ్చింది. "కట్టు మార్చాలి. బాబు చెయ్యి ఎవరైనా కదలకుండా పట్టుకోండి."

ఆ టైముకి గువ్వ రోజూ వరండాలోకి పారిపోయేది. ఇప్పుడూ తలుపు వైపు తిరిగింది.

"గువ్వా."

అమ్మ గొంతులో కోపం ఇంకా ఉంది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇటు రా. చెయ్యి నువ్వు పట్టుకో."

"నేనా?"

"నువ్వే."

గువ్వ వెళ్లింది. నర్సు కట్టు విప్పుతుంటే ఎర్రగా ఒలిచినట్టున్న చర్మం కనిపించింది. రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చంటి గట్టిగా కేక పెట్టాడు. గువ్వ మొహం తిప్పుకోలేదు.

"ఇక్కడే ఉన్నాన్రా" అంటూ, కొత్త కట్టు పూర్తయ్యేదాకా వాడి మోచేతిని రెండు చేతులతో మెత్తగా పట్టుకునే ఉంది.