కావిడి ముందు కేక

దేముడి గునపం ఖంగుమంది. అనాస పిలకలు నాటడానికి గొయ్యి తవ్వుతున్నవాడు వంగి మట్టి తుడిచాడు. నల్లరాతి మీద చెక్కిన రెండు చేపలు బయటపడ్డాయి. రెండింటి మూతులూ జలపాతం పక్కనున్న కొండచరియ వైపే తిరిగి ఉన్నాయి.

"బావా, బేగి ఇలా రా. ఇదేటో సూడు" అని పిలిచాడు.

నూకరాజు వచ్చి చూశాడు. చూడగానే కడుపులో మంట లేచింది. విశాఖపట్నం నెత్తిమీద నిలబడ్డ ఈ పనసకొండలో పాతకాలపు దొర ఎవరో ధనం దాచాడనీ, దానికి చేపల రాయి గుర్తనీ తాత చెప్పిన నాటి నుంచి అతను తిరగని గుట్ట లేదు, దూరని పొద లేదు. ముళ్లకి ఒళ్లు చీరుకుపోయింది, జ్వరాలు పడ్డాడు, పెళ్లాం చేత తిట్లు తిన్నాడు. ఆ రాయి మాత్రం ఏనాడూ వెతకని చెల్లెలి మొగుడి గునపానికి దానంతట అదే వచ్చి తగులుకుంది. దేవుడికైనా ఇంత పక్షపాతమా అని పళ్లు కొరుక్కున్నాడు.

దేముడంటే అతనికి ఆ ఏడుపు ఇవాళ పుట్టింది కాదు. పనసకొండ అనాస పట్నం చేరాలంటే కావిడిలో, అదీ పరుగు మీద దిగాల్సిందే. ఆ నిలువు దారిలో నెమ్మదిగా దిగితే బరువు మోకాళ్లు విరిచేస్తుంది. పరుగెడితేనేమో ముందు బుట్ట ఊగుతూ కాళ్ల కింది నేలని కప్పేస్తుంది, మోసేవాడికి దారి కనపడదు. అందుకని ఒకడు ఖాళీ చేతులతో ముందు పరుగెడుతూ రాయీ, వేరూ, మలుపూ కేకేసి చెబుతాడు. కేక లేకపోతే దారి బాగున్నట్టే లెక్క. దేముడికి కేకేసేది నూకరాజు. కింద సంతలో మాత్రం అందరూ దేముడి భుజమే తట్టేవారు. ఒక్క కాయ రాల్చకుండా దింపాడని మురిసిపోయేవారు. గొంతు చించుకుని పక్కన నిలబడ్డ నూకరాజుకి మంచినీళ్లిచ్చిన పాపాన పోయినవాడు లేడు. ఎవడికైనా మండదూ?

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముగ్గురూ ఖాళీ కావిడి పట్టుకుని చరియ దగ్గరికి చేరారు. మూడో మనిషి రత్నాలు, నూకరాజు చెల్లెలు, దేముడి భార్య. లతలు నరికితే గుహ నోరు కనిపించింది. దాని పైకప్పుకి చాటంత తేనెపట్టు వేలాడుతోంది.

"సప్పుడు సెయ్యకండి. ఈగలు లేత్తే మనకి సావే" అంది రత్నాలు.

పొట్టల మీద పాకుతూ లోపలికి వెళ్లారు. గబ్బిలాల కంపు ముక్కులు పగలగొట్టింది. టార్చిలైటు వెలుగులో లోపలి గోడ మీద మళ్లీ అవే చేపలు, వాటి కింద సున్నం పెట్టి మూసిన రాగి గంగాళం. దేముడు మూత పెకలించాడు. నిండా బంగారు నాణేలు! నూకరాజు రెండు చేతులా తీసి మొహానికి రాసుకున్నాడు. ఆ ఒక్క క్షణం అతనికి ఎవరి మీదా కోపం లేదు.

నాణేల్ని కావిడి బుట్టల్లోకి దించి బయటికి లాక్కొస్తుంటే, గుహ నోట్లో కావిడి బద్ద పైకప్పుకి తగిలింది. తేనెపట్టు ఊగింది. జుయ్యిమని ఈగలు లేచాయి.

"కావిడి నాకియ్యి. నాను మోత్తాను" అన్నాడు నూకరాజు.

"నీ గొంతు లేకపోతే ఎలా దిగుతాం బావా? ముందు నువ్వు నడు" అంటూ దేముడు కావిడి భుజానికెత్తేశాడు.

"అన్నియ్యా, పరిగెట్టు" అని రత్నాలు చీర కొంగు తలకి చుట్టుకుంది.

పరుగు మొదలైంది. "రాయి. కుడి. వేరుంది, ఎత్తి ఎయ్యి." కేక వెనక కేక. చెట్లు గిర్రున వెనక్కి పోతున్నాయి. కొమ్మల సందుల్లో దూరంగా సముద్రం, ఓడలు, పట్నం మేడలు కిందికీ మీదికీ ఊగుతున్నాయి. ఈగలు వీపుల్ని కుడుతున్నాయి. నూకరాజుకి ఆ కుట్టుడు తెలియడం లేదు. బంగారం కూడా దేముడి భుజం మీదే పట్నంలోకి దిగుతుంది. తెచ్చిందెవడంటే దేముడే అంటారు. నూకరాజా, వాడెవడు అంటారు.

ముందు కోత వచ్చింది. మొన్నటి వానకి దారి అక్కడ తెగి లోయలోకి జారిపోయింది. మలుపులో ఎడమకి తిరిగి బండ మీదికి దూకాలి. నూకరాజు దూకాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. గొంతు దాటి మాట రాలేదు. రానివ్వలేదు. పడనీ, ఒక్కసారి వాడూ పడనీ అనుకున్నాడు.

వెనక అడుగుల చప్పుడు అదే వేగంతో వస్తోంది. ఒక జత కాదు, రెండు జతలు. రెండోది రత్నాలుది. తన చెల్లెలు. కుళ్లులో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

"కావిడి ఒగ్గీ. కూలబడు" అని గొంతు పగిలేలా అరిచాడు.

ఎందుకని దేముడు అడగలేదు. ఆ గొంతు చెప్పింది, చేశాడు. కావిడి విసిరేసి కోత అంచున కూలబడ్డాడు. రత్నాలు వచ్చి అతని వీపు మీద పడింది. బుట్టలు గాల్లో తిరగబడి, బంగారమంతా లోయ అడుగున నీళ్లు మాయమయ్యే బండల నెర్రెల్లోకి జలజలా రాలిపోయింది. ముగ్గురూ బండ పక్క వాగులో మునిగి, ఈగలు వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు.

నీళ్లలోంచి లేచి దేముడు బావని కౌగిలించుకున్నాడు. "ధనం పోతే పోనాది. మా ఇద్దరి పేణాలూ నువ్వే నిలబెట్టావు" అని ఏడ్చేశాడు. సంతలో అందరికీ అదే చెప్పాడు. జనం నూకరాజు భుజం తట్టారు, నీళ్లిచ్చారు, కుర్చీ వేశారు. అతను కూర్చోలేకపోయాడు.

"రేపట్నుంచి కావిడి నువ్వెత్తు బావా. నాను కేకేత్తాను. మోసినోడన్న పేరు నీకూ రావాలి గదా" అన్నాడు దేముడు.

మర్నాడు నూకరాజు అనాస కావిడి ఎత్తుకున్నాడు. "రాయి. కుడి. వేరు" అంటూ దేముడు ముందు పరుగెత్తాడు. కాసేపటికి కేకలు ఆగాయి. ఆకులు పరుచుకున్న మెత్తటి దారి అది, నూకరాజుకి ప్రతి అడుగూ తెలుసు. అయినా అతని కాళ్లు బిగుసుకుపోయాయి. బుట్ట ఒరిగి కాయలు కిందికి దొర్లిపోయాయి.

"ఏటైంది బావా? దారి బాగుందని గదా నాను పలకనేదు."

నూకరాజు వగర్చాడు. "బాగున్నా సరే, ఊరుకోకు దేముడూ. ఏదోటి అంటానే ఉండు."

దేముడు నవ్వి, కాయలు ఏరి బుట్టలో వేశాడు. సంత చేరేదాకా "బాగుంది బావా, బాగుంది" అని అరుస్తూనే దిగాడు. ప్రతి మాటా చెంపదెబ్బలా తగులుతుంటే నూకరాజు ఆ గొంతు వెనకే అడుగులు వేశాడు.