బయానా ఇచ్చినవాడి కడుపుమంట

"అది నాది," అన్నాడు మా శ్రవణ్.

"మీ పేరు రాసున్నదా దీని మీద?" అన్నది ఆ పిల్ల, చేతిలోని డబ్బాను ఇటూ అటూ తిప్పి చూసి. "నాకైతే కనిపిస్తలేదు."

ఇద్దరి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో జోగారావుది గేముల దుకాణం. నా మనవడు శ్రవణ్‌కుమార్ నన్ను మోకాళ్ల డాక్టరుకు చూపించి, ఇంటికి పోతూ పోతూ "ఒక్క నిమిషం నానమ్మా" అని అక్కడికి తీసుకుపోయాడు. కొత్త ఆట ఒకటి రాబోతోందని ఎండాకాలంలోనే బయానా కట్టి పెట్టుకున్నాడు. ఆట విడుదలై వారమైంది కానీ, దుకాణానికి సరుకు ఆ రోజే వచ్చిందట. ఆ మెట్లన్నీ దిగి వచ్చేసరికి చివరి డబ్బా ఈ పిల్ల చేతిలో ఉంది. ఈమె బయానా కట్టలేదు, ముందు చెప్పనూ లేదు. రోడ్డు మీద నుంచి అట్లా వచ్చి ఇట్లా కొన్నది.

"తప్పు మా ఆవిడదండీ," అన్నాడు జోగారావు. "నేను టీకి వెళ్లానా, ఈలోపు అమ్మేసింది."

"నేనేం చేశాను?" అన్నది ఆయన భార్య సూర్యప్రభ. "కొట్లో వస్తువుంది, మనిషి డబ్బులిచ్చింది, అమ్మాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్ల మొహాలు నాకు కలలోకి వస్తాయా?"

"అయితే నేను ముందుగాల కట్టినందుకు లాభమేంది?" అన్నాడు మావాడు.

"ఎందుకు లేదండీ? ప్రీ-ఆర్డర్ గిఫ్టుంది!" అని జోగారావు లోపల నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. మూత మీద మంచి బొమ్మ. ఇద్దరు మనుషులు ఒకే తాడు నడుముకు కట్టుకుని కొండకు వేలాడుతున్నారు. తెరిస్తే లోపల ఏమీ లేదు.

"డిస్కు పెట్టుకోడానికండీ," అన్నాడు.

"డిస్కేది?"

"అది ఈవిడ దగ్గరుంది కదండీ."

ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. మావాడు ఆమె చేతికేసి చూసిన చూపు నాకు కొత్త కాదు. వాడి చెల్లె పుట్టి నా ఒడిలోకి వచ్చినప్పుడు కూడా వాడు గడప దగ్గర నిలబడి అచ్చం అట్లాగే చూశాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బులు వాపస్ ఇచ్చారు. పోదామంటే పైన వాన దంచుతోంది. అందరం మెట్ల కింద ఇరుక్కున్నాం.

"ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు," అన్నది ఆ పిల్ల. "చూడలె, ఆడలె, ఎట్లుంటదో తెల్వదు. ముందుగాలనే పైసలెట్ల ఇచ్చిన్రు?"

"నమ్మకం."

"ఎవల మీద?"

"తీసినోళ్ల మీద. పోయినసారి వాళ్ల గేమ్ సూపర్ ఉండె."

"పోయినసారి బిర్యానీ మంచిగుండెనని ఈసారి పాచిపోయినా తింటరా?"

"అందరికన్న ముందు ఆడుట్ల మజా ఉంటది. అది మీకు తెల్వదు."

"అందరికన్న ముందు దొరికేది ఆట గాదు, తప్పులు. మనిషి గోడలకెల్లి నడుస్తడు, గుర్రం గాల్ల తేల్తది. మీరు తిట్టి తిట్టి అన్నీ బాగు చేయిస్తరు. అప్పుడు మేం రివ్యూలు చదువుకొని నిమ్మళంగ కొంటం. మీకు థాంక్స్ చెప్పాలె."

"అట్లా అనకండమ్మా," అని జోగారావు అడ్డం వచ్చాడు. "ఇలాంటివాళ్ల అడ్వాన్సులు చూపిస్తేనే మాకు సరుకు పంపేది. ఈయన ముందు కట్టబట్టే ఇవాళ మీ చేతికొచ్చింది."

"ఓహో. అయితే ఆయన కట్టింది నా కోసమన్నట్టు," అన్నది ఆ పిల్ల.

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. కోపం వల్లనే అనుకున్నాడు వాడు.

నేను నా పని నేను చేసుకున్నాను. పేరు అడిగాను, ఊరు అడిగాను, ఇంటిపేరు అడిగాను. పేరు జ్యోతిక. ఎల్బీనగర్‌లో ఇల్లు, అక్కడే రక్త పరీక్షల సెంటర్‌లో ఉద్యోగం. తండ్రి మహిపాల్‌కు సొంత డీసీఎం వ్యాను ఉంది. చౌటుప్పల్ వైపు వాళ్లు, మాలాగే నేత కులం వాళ్లే.

"ఆట ఇద్దరు కలిసి ఆడాల్నంట గద బిడ్డా. నీకు తోడెవరు?"

"మా పై పోర్షన్‌ల కృష్ణ అని ఉన్నడు నానమ్మా. మస్తు ఆడ్తడు."

అప్పటిదాకా డిస్కు మీద ఉన్న మావాడి కుళ్లు అక్కడి నుంచి లేచి, ముఖం కూడా చూడని ఆ కృష్ణ మీదికి పోయి కూర్చుంది. నా కళ్ల ముందే జరిగింది.

"నాది అయిపోంగనే డిస్కు మీకిస్త. నంబర్ చెప్పుండ్రి," అన్నది జ్యోతిక.

"కిరాయికా?"

"ఉత్తగనే. నా కోసం కట్టిన్రాయె."

*

మన్సూరాబాద్‌లో మా ఇంటికి వచ్చాక ఆ రేకు డబ్బాలో నేను వక్కలు పోసుకున్నాను. మావాడు మాత్రం ఫోన్‌లో ఆ పిల్ల స్టేటస్‌లు చూడటం పనిగా పెట్టుకున్నాడు.

"నానమ్మా, 'మంచు కొండ ఎక్కినం' అని పెట్టింది. ఎక్కినం అంటే ఇద్దరే గద?"

"ఆట ఇద్దరిదే గదరా."

"అయితే మాత్రం? గంత మురిసి పెట్టాల్నా?"

"నీకు డిస్కు కావాల్నా, ఇంకేమన్న కావాల్నా?"

"డిస్కే."

"మరి డిస్కు సంగతి అడుగు. కృష్ణ సంగతెందుకు?"

వాడు మళ్లీ ఫోన్‌లోకి తల దూర్చాడు. మర్నాడు 'వంతెన దాటనిస్తలేదు, గేమ్‌ల ఏదో తప్పున్నది' అని ఆ పిల్ల పెట్టింది. ఆ పూట ఇంకో ముద్ద అడిగి మరీ తిన్నాడు. రెండు రోజులకు 'కృష్ణ ఐడియాతోని దాటినం' అని వచ్చింది. కంచంలో అన్నం కంచంలోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో జంగయ్య చీరల దుకాణంలో వాడి పని. ఆ వారంలో ఎర్ర చీర అడిగినామెకు నీలం చీర, నీలం అడిగినామెకు ఎర్ర చీర పరిచి జంగయ్యతో తిట్లు తిన్నాడు.

జ్యోతిక అన్న మాట నిలబెట్టుకుంది. తన సెలవు రోజున వానలో గొడుగు వేసుకుని వచ్చి డిస్కు ఇచ్చింది. నేను సర్వపిండి కాలుస్తున్నాను. వక్కల డబ్బా చూసి "అయ్యో నానమ్మా, దీని కోసం మా సెంటర్‌ల పిల్లలు పడి సస్తున్నరు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

"మరి నాకు రెండో మనిషి లేడు," అన్నాడు మావాడు, గోడకు చెబుతున్నట్టు.

"నేను లేనా?" అని ఆమె రెండో రిమోట్ తీసుకుంది.

టీవీలో ఇద్దరు ఒకే తాడుతో కొండ ఎక్కుతున్నారు. ఒకరు ఎక్కితే ఇంకొకరు తాడు పట్టుకోవాలి.

"పట్టుకోండ్రి, పట్టుకోండ్రి!"

"పట్టుకున్న, నువ్వు ఎక్కు!"

"ఎక్కుతున్న, ఏం తొందర నీకు!"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి వాళ్లిద్దరికీ తెలియలేదు. పొయ్యి దగ్గర ఉన్న నాకు తెలిసింది.

అప్పుడే ఆ పిల్ల ఫోన్ మోగింది. పైన 'కృష్ణ' అని పేరు పడింది. "మల్ల చేస్త," అని ఆమె కట్ చేసే లోపల, టీవీలో ఆమె బొమ్మ కేక పెడుతూ లోయలో పడింది.

"తాడెందుకు వదిలినవ్?"

"చెయ్యి జారింది."

"బటన్ వత్తి పట్టుకుంటే జారదు. తీస్తేనే వదుల్తది. కావాల్ననే వదిలినవ్." రిమోట్ కింద పెట్టింది. "కృష్ణ ఒక్కసారన్న వదల్లె."

"అయితే కృష్ణతోనే ఆడుకో పో."

"ఆటేంది, ఆదివారం వాళ్లమ్మ పూలుపండ్లు తెస్తనన్నది. ఇప్పుడు మాట ఖాయం చేసుకుంటరట, పెండ్లి వచ్చే ఏడట."

మాలో పిల్లకు బొట్టు పెట్టి, పూలూ పండ్లూ ఒడిలో పెట్టారంటే సంబంధం కుదిరినట్టే. ఆ తర్వాత ఇంకొకరు ఆ ఇంటికి పిల్లను అడగడానికి పోరు. మావాడు రిమోట్ పక్కన పడేశాడు.

"ఒద్దని చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఆ మాట నాకియ్యి."

జ్యోతిక లేచి నిలబడింది. "ఆటకే నేను ముందుగాల బయానా ఇయ్య. మనిషికిస్తనా? నువ్వు ఎట్లాంటోనివో నాకేం ఎరుక? కోపమొస్తే తాడు వదుల్తవని మాత్రం ఇయ్యాల ఎరుకైంది."

సర్వపిండి కూడా తినకుండా పోయింది. వాడు నోరు తెరిచేసరికి ఆమె గొడుగు సందు దాటిపోయింది.

"డిస్కుకైతే ముందుగాల పైసలు కట్టినవ్, నాది అంటె అర్థమున్నది," అన్నాను. "ఈ పిల్లకు ఏమిచ్చినవ్‌రా? ఒక్క మంచి మాటన్న చెప్పినవా? ఏమీ ఇయ్యకుండనే నాది అని కూసున్నవ్. మీద నుంచి హుకుం ఒకటి."

వాడు తల దించుకుని వక్కల డబ్బా మూత మీద తాడు కట్టుకున్న ఆ ఇద్దరి బొమ్మలనే చూస్తూ కూర్చున్నాడు.

*

శనివారం పొద్దున నన్ను రక్తం ఇవ్వడానికి తీసుకుపోతానన్నాడు. మోకాళ్ల డాక్టరు రాసిన పరీక్షే. మా సందు చివర ఒక సెంటర్ ఉండగా ఎల్బీనగర్ దాకా ఎందుకని నేను అడగలేదు. పరగడుపున ఆటో ఎక్కాను.

జ్యోతిక నా చేతికి రబ్బరు పట్టీ కట్టింది. వాడి వైపు చూడలేదు.

"నేను మాట అడగనీకి రాలె," అన్నాడు శ్రవణ్.

"నానమ్మా, పిడికిలి బిగించు," అన్నది ఆమె.

"ఉన్నది చెప్పనీకొచ్చిన. మొదటి దినం నీ చేతిల డిస్కు చూసి కుళ్లుకున్న. ఆ తర్వాత కృష్ణ మీద. ఆ పాడు వంతెన మీద గూడ కుళ్లుకున్న, నిన్ను గన్ని రోజులు కూసోవెట్టుకున్నదని. ఇగో, ఇప్పుడు నానమ్మ చెయ్యి పట్టుకున్నవ్ గద, గది చూసినా కడుపుల మండుతున్నది."

ఆమె పెదవి కొరుక్కుంది. సూది నా నరంలో ఉంది.

"మాట ఎవలకిస్తవో నీ ఇష్టం. కాని ఇచ్చే ముందు నన్ను గూడ జర చూడు. ఆదివారం చూడు, పండుగనాడు చూడు, కోపమొచ్చిన నాడు చూడు. మంచిగ లేనంటే నేనే పోత, నీతోని చెప్పించుకోను."

ఆమె కదలలేదు. చేతిలో గొట్టం నిండిపోయింది.

"ముందుగాల సూది తియ్యి బిడ్డా," అన్నాను. "సిగ్గుపడుడు తర్వాత."

దూది పెట్టి నా మోచెయ్యి మడిచింది. అప్పుడు తల ఎత్తి వాడిని చూసింది.

"కృష్ణ వాళ్లకు వద్దని చెప్పినంకనే మీ ఇంటికొచ్చిన."

"ఆఁ? మరి పూలుపండ్లన్నవ్?"

"నువ్వు మంచిగ అడుగుతవేమోనని చూసిన. హుకుం జేసినవ్."

"కృష్ణ తాడు వదలడు గద. ఎందుకొద్దన్నవ్?"

"తాడు వదలడు. పెండ్లయినంక నీకీ నౌకరెందుకన్నడు." చేతి తొడుగులు తీసేసింది. "రేపు ఆదివారమే గద. చూస్త మరి."

*

ఇక మహిపాల్ సంగతి. కూతురు అంతా చెప్పగానే ఆయన మా ఇంటికి వచ్చాడు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు.

"పిల్లగాడు మంచోడే కావచ్చు పెద్దమ్మా. కాని నేను చూడలె. ఇప్పుడే పూలుపండ్లంటే నాతోని కాదు."

నా కొడుకు, శ్రవణ్ తండ్రి, ముఖం ముడుచుకున్నాడు. నేను టీ గ్లాసు మహిపాల్ ముందుకు జరిపాను. "తొందరేమున్నది బిడ్డా. వాడు మీ ఇంటికొస్తడు, పోతడు. నచ్చినప్పుడే చెప్పు."

అట్లా మావాడు ప్రతి ఆదివారం ఎల్బీనగర్ పోవడం మొదలైంది. వ్యాను కడిగాడు, వాళ్లమ్మకు కూరగాయలు మోశాడు. ఒక రోజు ఆటను పట్టుకుపోయి మహిపాల్ చేతికి రెండో రిమోట్ ఇచ్చాడట. ఆ రోజు నుంచి కాబోయే మామా అల్లుళ్లు తాడు కట్టుకుని కొండలు ఎక్కుతున్నారు, ఆ పిల్ల చాయలు అందిస్తోంది. నాకు ఫోన్ చేసి మొర పెట్టుకుంది.

"నానమ్మా, వీడు నా కోసం వస్తున్నడా, మా నాయన కోసమా? నా మొఖం గూడ చూస్తలేడు!"

ఇట్లా వానలు పోయాయి, చలి వచ్చింది. ఒక ఆదివారం మావాడు పోలేదు. మధ్యాహ్నం మహిపాల్ ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, మీ పిల్లగాడు ఇయ్యాల రాలేదేంది?"

"దుకాణంల పనున్నదన్నడు బిడ్డా."

"పని నేను చూసిన. తుర్కయంజాల్ కాడ జంగయ్య వ్యాన్‌ల పోతున్నడు. పక్క సీట్ల ఒక పిల్ల ఉన్నది." గొంతు తగ్గించాడు. "మీరు... వేరే సంబంధం ఏమన్న చూస్తున్నరా?"

ఆ పిల్ల జంగయ్య కూతురు మాలతి. ఆ ఊళ్లో పెళ్లివాళ్లకు చీరలు చూపించడానికి ఇద్దరినీ జంగయ్యే పంపాడు. నాకు తెలుసు. చెప్పడానికి తొందరపడలేదు.

"ఏం జెయ్యను మహిపాల్," అన్నాను. "నిదానం గల పిల్లగాడు. అడిగేటోళ్లు అడుగుతనే ఉన్నరు. మాకు ఇంక ఎవలూ మాటియ్యకపాయె."

అవతల ఫోన్ చేతులు మారింది.

"నానమ్మా, ఎవరా పిల్ల? ఎర్ర చున్నీ అంట. నవ్వుకుంట ముచ్చట పెడుతున్నదంట. వీడు గూడ నవ్వుతున్నడంట!"

"నీకెందుకు బిడ్డా గంత పరేషాన్?"

"పరేషాన్ లేదు, ఏం లేదు. ఊకెనే అడిగిన. ముక్కు ఎట్లుంటది ఆమెది?"

మళ్లీ మహిపాల్ ఫోన్ గుంజుకున్నాడు. "పెద్దమ్మా, ఇగ చూసింది చాలు. రేపు సోమవారం, మంచి దినమే. పూలుపండ్లు పట్టుకొని రాండ్రి."

వెనక నుంచి జ్యోతిక గొంతు గట్టిగా వినిపించింది. "రేపెందుకు నాయనా? ఇయ్యాల పొద్దూకినంక ఖాళీయే గద మనం!"

నా కొడుకును పూల కోసం పంపించాను. మాలతికి ఎప్పుడో పెళ్లి కుదిరిన ముచ్చట, ఆ పూలు ఈ పిల్ల ఒడిలో పడ్డాక తీరిగ్గా చెబుదామని ఊరుకున్నాను.