ముందు వరస, మొదటి సంచిక

పెద్ద వరదకి కార్లు కొట్టుకుపోయి, జనం మేడల మీద నిలబడి అన్నం పొట్లాల కోసం ఎదురుచూసిన ఏడాది ఉంది కదా, దాని తర్వాత నాలుగో వానాకాలం అది. జూలై నెల, శనివారం సాయంత్రం. కార్ఖానా అనే పేటలో బాలమ్మ జిరాక్సు కొట్టు ముందు మడమల లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో, చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, చున్నీ కింద ఫైలు దాచుకుని ఒక అమ్మాయి కొట్టు మెట్లెక్కింది.

ఆమె పేరు రాధిక. ఇల్లు మారేడ్‌పల్లి, పని స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇవన్నీ తిరుమల్‌కి తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసింది ఒక్కటే. మనిషి తలనుంచి కాళ్ళ దాకా తడిసింది, ఫైలు మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

తిరుమల్ బాలమ్మ కొడుకు. ఇరవై ఆరేళ్ళు. మాట అడిగితే తల ఊపుతాడు, తల ఊపితే సరిపోదంటే అప్పుడు మాట్లాడతాడు.

ఫైల్లో నాలుగు కాయితాలున్నాయి. ఒక్కోదానికి రెండు వైపులా రాత, బొమ్మలు. అరవై కాపీలు కావాలని, మధ్యకి మడిచి పిన్నులు కొడితే పదహారు పేజీల పుస్తకం అవుతుందని, రేపు మధ్యాహ్నానికి అందాలని రాధిక చెప్పింది. తిరుమల్ తల ఊపాడు.

బాలమ్మ కొట్టులో ఒక పద్ధతి ఉంది. జిరాక్సుకి వచ్చిన కాయితం చదవకూడదు. జనం కోర్టు కాయితాలు తెస్తారు, రక్తపరీక్షలు తెస్తారు, పెళ్ళికూతురి జాతకం తెస్తారు. మసి సరిగ్గా పడిందా లేదా అన్నది మాత్రం చూడాలి. చిన్నప్పటినుంచీ తిరుమల్‌కి అదే అలవాటు. కాయితం అద్దం మీద పెట్టగానే చూపు పక్కకి తిప్పుకుంటాడు.

ఆ రోజు చూపు తిప్పితే అక్కడ రాధిక ఉంది. చున్నీ కొస పిండుకుంటూ, లామినేషన్ బోర్డు మీద అక్షరాలు ఎవరు రాశారో గానీ ‘ల’కి తోక ఎక్కువైందని తనలో తాను గొణుక్కుంటోంది. తిరుమల్ ఆ మాట విన్నాడు. విన్నాక కళ్ళు మళ్ళీ మిషన్ మీదికి రాలేదు. చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది. రెండో కాయితం వెనక రావలసింది మూడోదాని వెనక పడింది, మూడోదానిది రెండోదాని వెనక పడింది. అరవైకి అరవై అట్లాగే వచ్చాయి. పేజీ నంబర్లు వేస్తే స్కూలు పుస్తకంలా ఉంటుందని రాధిక ఎక్కడా నంబర్లు వెయ్యలేదు. అందుకని పిన్ను కొట్టేటప్పుడూ తప్పు దొరకలేదు.

మర్నాడు ఆమె కట్ట తీసుకుని నేరుగా కాప్రా వెళ్ళింది. అక్కడ చెరువుకి ఇవతల ఒక పాత కార్ల షెడ్డు ఉంది. ఆదివారాలు మూడింటికి అక్కడ హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్లు వాయిస్తాయి. పాట నిమిషంన్నర దాటదు. పాడేవాళ్ళు అరుస్తారు, డ్రమ్ము పరిగెడుతుంది, ముందు నిలబడినవాళ్ళు ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటారు. ఆ పాటల గురించి, ఆ మనుషుల గురించి ఎవరికి వాళ్ళు రాసుకుని, జిరాక్సు తీసి చేతికిచ్చే చిన్న పుస్తకాలని జీన్‌లు అంటారు. నీ జీన్ ఒకటి నాకిస్తే నాది ఒకటి నీకిస్తాను, అదీ అక్కడి మర్యాద. రాధిక జీన్ పేరు ‘ముందు వరస’. అదే మొదటి సంచిక.

ఇక తిరుమల్ సంగతి. ఆ షెడ్డుకి అతనూ వెళ్తాడు, జనం మధ్యలో ఎవరి కంటా పడకుండా నిలబడతాడు. అతనికో గుట్టు ఉంది. నెలకోసారి ‘చెవిపోటు’ అని ఒక్క కాయితం, రెండు వైపులా, ఆ షెడ్డుకి వస్తుంది. పోస్టులో వచ్చిన జీన్‌లన్నిటి మీదా అందులో రివ్యూలుంటాయి. షిల్లాంగ్‌నుంచి రానీ, పూనానుంచి రానీ, సీతాఫల్‌మండినుంచి రానీ, వచ్చినదాన్ని వదిలేది లేదు. ప్రతిదీ రెండుసార్లు చదవాలి, ఐదు లైన్లకి తక్కువ రాయకూడదు, పంపినవాళ్ళకి ఆ కాయితం తిరిగి పోస్టు చెయ్యాలి. చెవిపోటులో పేరు చూసుకున్న పిల్లలు రెండో సంచిక వేస్తారు. ఆ మాట షెడ్డులో అందరూ అనేవారు. రాసేదెవరో మాత్రం ఎవరికీ తెలీదు. కింద పోస్టు బాక్సు నంబరే ఉంటుంది. రాసేది తిరుమల్. సగం జీన్‌లు తన మిషన్ మీదే తయారవుతాయి, పేరు పెడితే మొహమాటాలొస్తాయని పెట్టలేదు.

నాలుగు రోజులకి ‘ముందు వరస’ పోస్టు బాక్సులోకి వచ్చింది. అట్ట మీద బురద బూట్ల బొమ్మ చూసి గుర్తుపట్టాడు. లోపల ఏముందో చదవడం అదే మొదటిసారి. షెడ్డుకి మొదటిసారి వెళ్ళినప్పుడు తోపులాటలో పడిపోయిన సంగతి రాసింది రాధిక. మూడో పేజీ చివర ఇట్లా ఉంది: “నేను కింద పడ్డాను. చుట్టూ బూట్లు. అప్పుడు నలుగురు వచ్చి నన్ను”. పేజీ తిప్పితే, “చక్రాల్లా సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, కాగిన నూనెలో వెయ్యాలి.”

తిరుమల్ ఒక్కడే కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. రెండోసారి చదివాడు. ఇది కావాలని చేసిందే అనుకున్నాడు. తన చెయ్యి తప్పు చేసి ఉంటుందని తోచలేదు, పన్నెండేళ్ళుగా ఆ చెయ్యి ఒక్క తప్పూ చెయ్యలేదు మరి. చెవిపోటులో పన్నెండు లైన్లు రాశాడు. పడిపోయిన మనిషిని అరటికాయ వేపుడులో కలిపేసే ధైర్యం ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ లేదని, భయాన్ని నవ్వు చేసేసిందని, అందరూ చదవాలని.

అందరూ చదివారు. మరుసటి ఆదివారం రాధిక షెడ్డులో అడుగు పెట్టేసరికి ఆమె పేరు వేపుడక్క అయిపోయింది. డ్రమ్ము వాయించే ఓంప్రకాశ్ ఒక పాటకి కర్రలు పక్కన పెట్టి రెండు అరటికాయలతో వాయించాడు.

సోమవారం సాయంత్రం ఆమె జిరాక్సు కొట్టుకి వచ్చింది. వాన లేదు. మొహం మాత్రం మబ్బు పట్టి ఉంది. జీన్ కౌంటరు మీద విప్పి పెట్టింది.

“మూడో పేజీ తర్వాత నాలుగు రావాలండీ. వేపుడు వంట ఉన్న ఆరు వచ్చింది. ఆ తర్వాత ఐదు, ఆ తర్వాత నాలుగు. చివర్లోనూ ఇదే గోల. వేసేటప్పుడు ఒక్క ముక్కయినా చదవలేదా?”

“కస్టమర్ల కాయితాలు మేం చదవం మేడం. అమ్మ చదవనియ్యది.”

“మంచిదే. చదివినవాడు ఇంకా నయం చేశాడు.” చెవిపోటు తీసి దాని పక్కన పెట్టింది. “ఎవడో మహానుభావుడు. మీ మిషన్ చేసిన తప్పుని నా ధైర్యం అని పొగిడాడు.”

తిరుమల్ చెవులు కాలిపోయాయి. మల్ల ఏసిస్త అన్నాడు, మెల్లిగా. ఆమె వద్దంది. గొంతు పెంచలేదు. మూడు నెలలు కూర్చుని రాశానని, ఒక్కరికీ అందలేదని, నవ్విన చోట మళ్ళీ ఏం రాస్తామని అంది.

“రెండో సంచిక వెయ్యను” అని, అసలు కాయితాలున్న ఫైలు కూడా కౌంటరు మీదే వదిలేసి వెళ్ళబోయింది.

బాలమ్మ వెనకనుంచి పిలిచింది. “జెర కూసో బిడ్డా. చాయ్ తాగి పో. కోపం మీద రోడ్డు దాటొద్దు.”

రాధిక కూర్చుంది. చాయ్ తాగింది. పోతూ పోతూ బోర్డు మీద ‘ల’ తోక చూసి, బ్యాగులోంచి మార్కరు తీసి సరిచేసి పోయింది.

ఆ తర్వాత కూడా వచ్చింది. స్కూలు పిల్లల బొమ్మలు జిరాక్సుకి తెచ్చేది. మారేడ్‌పల్లిలో జిరాక్సు కొట్లు లేవా అని తిరుమల్ అడగలేదు, ఆమె చెప్పలేదు. ప్రతిసారీ చాయ్. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, ఆ చెవిపోటు ఎవడో తెలిసిందా అని. తిరుమల్ తల అడ్డంగా ఊపేవాడు. ఆ ఊపడం రోజురోజుకీ బరువెక్కింది.

ఒకరోజు, మీ కాయితాలు చదవనా అని ఆమెనే అడిగాడు. ఇప్పుడు ఎవరు చదివితే ఏంటి అంది. ఆమె వెళ్ళాక ఫైలు విప్పి, వరసలో పెట్టుకుని చదివాడు. మూడో పేజీ చివర అదే మాట. “అప్పుడు నలుగురు వచ్చి నన్ను”. జీన్‌లో వేపుడు తర్వాత తగిలి, తను నవ్వుకుంటూ దాటేసిన నాలుగో పేజీ ఇట్లా మొదలైంది: “లేపారు. వెనక్కి తీసుకెళ్ళి గోడకి ఆనించి, ఆడపిల్లలు ఇక్కడ నిలబడితే మంచిదన్నారు. లేపినందుకు థాంక్స్. గోడ నాకొద్దు.” మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో ఉందట. వాళ్ళ నాన్న ఇక వెళ్ళొద్దన్నాడట. కట్టు విప్పిన ఆదివారమే వెళ్ళి, పడిన చోటే మళ్ళీ నిలబడిందట.

తిరుమల్ ఆ పూట మిషన్ ఆన్ చెయ్యలేదు. ఆ గోడ దగ్గరి మాట అరవై పుస్తకాల్లోనూ వేపుడు కింద పడిపోయింది. పడేసింది తను. పడేసినదాన్ని పొగిడింది కూడా తనే. చెప్తే ఆమె ఇంక కొట్టు మెట్లెక్కదు. చెప్పకపోతే ఆమె రాయదు. రెండు వైపులా ఆలోచించి ఆలోచించి తల్లికి చెప్పాడు, అంతా.

బాలమ్మ స్టాప్లర్‌లో పిన్నులు నింపుతూ వింది. “జేసింది జెప్పు కొడకా. ఉంటదా పోతదా, అది ఆమె ఇష్టం.”

మరుసటి నెల చెవిపోటులో ఒక్కటే విషయం ఉంది. ఏ కాయితం వెనక ఏది పడిందో, మిషన్ మీద పెట్టగానే తను చూపు పక్కకి ఎట్లా తిప్పుకుంటాడో, తెలీక ఆ తప్పునే ఎట్లా పొగిడాడో రాశాడు. నాలుగో పేజీ తర్వాతే ఈ జీన్ ఏమిటో తెలుస్తుందని, మళ్ళీ మొదటినుంచీ చదవమని రాశాడు. కింద మొదటిసారి పేరు పెట్టాడు: తిరుమల్, బాలమ్మ జిరాక్స్, కార్ఖానా.

ఆదివారం రెండున్నరకే అరవై సరైన పుస్తకాలతో షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాడు. తప్పుది ఇచ్చి సరైనది తీసుకోమన్నాడు. ఎవరూ తప్పుది ఇవ్వలేదు. “కొత్తది ఇయ్యి భాయ్, పాతది ఇయ్య. అది నా దగ్గరనే ఉంటది” అన్నాడు ఓంప్రకాశ్. సరే అని ఊరికే ఇచ్చేశాడు.

రాధిక వచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. మూడు దాటింది, డ్రమ్ములు బిగించి ఉన్నాయి, నలభై మంది నేల మీద కూర్చుని చదువుతున్నారు. నల్ల చొక్కా వేసుకున్న గడ్డం మనిషి ఒకడు నాలుగో పేజీ దగ్గర ఆగి వెనక గోడ వైపు చూశాడు. అతని చూపు చూసి ఇంకొకడు చూశాడు.

ఆమెకి ఎవరో చెవిపోటు ఇచ్చారు. నిలబడే చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

“రెండూ నేనే మేడం” అన్నాడు తిరుమల్. “మిషన్ మీద ఉన్నది నేనే, గా చెవిపోటు రాసింది సుత నేనే.”

“తెలుసు.”

తిరుమల్ తలెత్తాడు.

“మీ చెవిపోటుకి కుడి అంచున సన్నగా నల్ల గీత పడుతుంది. నా పుస్తకంలోనూ అదే చోట ఉంది. మీ మిషన్ అద్దం గీసుకుపోయింది. కనిపెట్టి పది రోజులైంది.”

“మరి అడుగలే?”

“అడిగితే నేను అడిగినట్టవుతుంది. మీరు చెప్పినట్టు కాదు కదా.” చెప్పుతో నేల మీద ఒక గీత గీసింది. “చెవిపోటులో ఎందుకు చూడలేదో రాయలేదు. చూపు పక్కకి తిప్పుకుంటాను అని వదిలేశారు. ఆ రోజు పక్కన ఏముందని?”

తిరుమల్‌కి తల ఊపితే సరిపోని చోటు వచ్చింది.

“నువ్వున్నవ్” అన్నాడు.

రాధిక చెవి వెనక జుట్టు సర్దుకుంది, సర్దుకున్నదాన్నే మళ్ళీ సర్దుకుంది.

“అయితే తప్పు నాదంటావా?”

“సగం. పేజీ నంబర్లు ఎందుకెయ్యలే?”

ఆమె నవ్వింది. ఆ నవ్వు అయిపోకుండానే ఓంప్రకాశ్ కర్రలు తీశాడు, మామూలు కర్రలే. రాధిక నేరుగా ముందుకి నడిచింది. జనం జరిగి చోటిచ్చారు. వేపుడక్కా అని ఒకడు పిలిచాడు, ఆమె వెనక్కి తిరిగి కళ్ళెగరేసింది. తిరుమల్ ఎన్నేళ్ళుగానో షెడ్డుకి వస్తున్నా మధ్యలోనే నిలబడేవాడు. ఆ రోజు వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. మూడో పాటకి అతని మోచెయ్యి ఎవరికో తగిలి, ఇంకెవరి భుజమో అతనికి తగిలి ఇద్దరూ ఊగారు. చెయ్యి ఎవరు ముందు పట్టుకున్నారో ఇద్దరూ ఒప్పుకోరు.

బయటికొచ్చాక రాధిక, రెండో సంచికకి బొమ్మలు సగం అయ్యాయంది. ఎప్పుడు మొదలుపెట్టావంటే, గీత కనిపెట్టిన మర్నాడంది. తర్వాత కాసేపు రోడ్డు వైపు చూసింది. నాన్న వెంకటరత్నం ఏలూరునుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా టైల్స్ షాపు నడుపుతున్నాడని, ప్రతి టైలునీ గోరుతో కొట్టి చూసి గానీ ఎవరికీ అమ్మడని చెప్పింది.

“తొమ్మిదింటికి షాపుకి వెళ్ళిపోతారు. రేపు ఆలోపు వచ్చి మన సంగతి ఆయనకి చెప్తావా? నాకు చెప్పినట్టే చెప్పు.”

“అంతానా?”

“వేపుడుతో సహా.”

తెల్లవారి కొట్టు షట్టరు లేవలేదు. బాలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నేను సుత వస్త, నువ్వు సగంల ఆగిపోతవ్ అంది. ఏడున్నరకి ఇద్దరూ మారేడ్‌పల్లిలో ఆ గేటు ముందున్నారు. వెంకటరత్నం లుంగీలో కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు. ఎవరు బాబూ అన్నాడు. తిరుమల్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“మీ రాధిక పుస్తకం ఆగం జేసినోన్ని నేనే సార్” అని, గేటు గొళ్ళెం తీసుకుని లోపలికి నడిచాడు.